క్రిస్మస్ సెలవులకి కొన్న కిచెన్ సైన్స్ కిట్: చెట్టు సూపర్, స్టార్ రెండోసారికి గానీ రాలేదు

సెలవులిచ్చిన రెండో రోజుకే ఇంట్లో ఫోన్ కోసం కొట్లాటలు మొదలయ్యాయి, అందుకని ఈ కిట్ తెప్పించా. చెట్టు ఆకారంలో సిలికాన్ అచ్చు, వంటసోడా, నిమ్మఉప్పు, ఆకుపచ్చ రంగు, డ్రాపర్, పటిక, స్టార్ చేయడానికి నూగు తీగలు. అచ్చూ డ్రాపరూ తీగలూ తప్ప మిగతావి ఇంట్లో ఉండేవే కదా అని పెట్టె తెరవగానే ఉసూరుమనిపించింది.

కానీ చెట్టు మాత్రం అదిరింది. సోడాలో రంగు, కాసిని నీళ్లు చిలకరించి తడి ఇసుకలా అయ్యాక అచ్చులో గట్టిగా అదిమి గంటసేపు ఫ్రీజర్లో పెట్టాం. తీసి పళ్లెంలో పెట్టి నిమ్మఉప్పు నీళ్లు చుక్కచుక్కగా వేస్తుంటే బుస్సుమని నురగ, చెట్టు కొమ్మకొమ్మా కూలిపోతోంది, మా ఏడేళ్లవాడు అక్కణ్ణించి కదిలితే ఒట్టు! పళ్లెం ముట్టుకుని "అమ్మా చల్లగా ఉంది" అన్నాడు, ఫ్రీజర్ చల్లదనంలే అన్నా, ఒప్పుకోలేదు, సరే అని గ్లాసులో మామూలు నీళ్లతో మళ్లీ చేస్తే గ్లాసు కూడా చల్లబడింది. వాడే కరెక్ట్. ఈ రియాక్షన్ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, ఆ నురగలో ఉండేది కార్బన్ డయాక్సైడ్. కిట్‌లో ఇచ్చిన కాగితంలో ఇవేవీ లేవు, "చూసి ఆనందించండి" అని మాత్రం ఉంది.

పైగా రెండు పొడులూ కలిపేసి నీళ్లు చల్లమని ఇంకో పద్ధతి రాశారు, అలా చేస్తే అచ్చులోనే పొంగి గట్టు మీదంతా ఆకుపచ్చ మరక. ఇంకోటి, ప్యాకెట్లు రెండూ ఒకే బరువు ఇచ్చారు. 100 గ్రాముల నిమ్మఉప్పుకి దాదాపు 130 గ్రాముల సోడా కావాలి, అందుకే సోడా ముందే అయిపోయింది, మన డబ్బాలోది తీయాల్సొచ్చింది.

స్టార్ సంగతి. గోరువెచ్చటి నీళ్లలో పటిక కలిపి తీగ వేలాడదీయమన్నారు, పొద్దున చూస్తే నాలుగు పలుకులు, పిల్లాడి మొహం వాడిపోయింది. తప్పు నీళ్లదే. పటిక వేడినీళ్లలో చాలా ఎక్కువ కరుగుతుంది, చల్లారేకొద్దీ ఆ ఎక్కువైనదే బయటికొచ్చి తీగని పట్టుకుంటుంది, నీళ్లు వేడిగా లేకపోతే బయటికి రావడానికి ఏముంటుంది? మరిగే నీళ్లలో ఇక కరగదు అనేదాకా వేసి (ఈ పని నేనే చేశా, పిల్లల్ని దూరంగా ఉంచి) రాత్రంతా కదపకుండా ఉంచితే మెరిసే స్టార్ వచ్చింది. ఉప్పుతో చేద్దామన్నాడు గానీ అది 100 మి.లీ. మామూలు నీళ్లలో 36 గ్రాములు, మరిగేవాటిలో 39 గ్రాములు, అంతే తేడా, చల్లారినా పెద్దగా ఏం రాదు.

5కి 3 ఇస్తా, అదీ అచ్చుకే. అంచులున్న ట్రేలో చేయించండి, సోడా నురగని మూతపెట్టిన సీసాలో మాత్రం చేయనివ్వకండి, గ్యాస్‌కి సీసా పగులుతుంది.