ఆటోనగర్‌లో ‘స్పీడ్ సెట్’ అని అమ్ముతున్న గో-కార్ట్ స్ప్రాకెట్లతో జాగ్రత్త

కాలేజీ ప్రాజెక్టుకో, సరదాకో గో-కార్ట్ (చిన్న ఓపెన్ నాలుగు చక్రాల బండి) కట్టేవాళ్ళు స్ప్రాకెట్లు, అంటే చైన్ కూర్చునే పళ్ళ చక్రాలు, కొనడానికి విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరే ముందు ఇది చదవండి.

మా తమ్ముడి కార్ట్‌కి హోండా జీఎక్స్160 ఇంజను, వెనక 11 అంగుళాల టైర్లు. గేర్‌బాక్స్ లేదు. సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజను వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునేది) నుంచి చైన్ నేరుగా వెనక యాక్సిల్‌కే. ఇవన్నీ విన్నాక కూడా షాపాయన "స్పీడ్ సెట్ బ్రదర్, దూసుకుపోద్ది" అంటూ క్లచ్‌కి 10 పళ్ళు, యాక్సిల్‌కి 30 పళ్ళు ఉన్న జత అంటగట్టాడు. రేషియో 3 అన్నమాట, అంటే క్లచ్ మూడు చుట్లు తిరిగితే యాక్సిల్ ఒక చుట్టు. ఇంజను 3600 ఆర్‌పీఎంలో (నిమిషానికి 3600 చుట్లు) ఉంటే చక్రం నిమిషానికి 1200 సార్లు తిరుగుతుంది, టైరు చుట్టుకొలత దాదాపు 88 సెంటీమీటర్లు, అంటే గంటకు 63 కిలోమీటర్లు. కాగితం మీద! మనిషి బరువుతో కలిపి బండిని కదిలించే బలం ఆ రేషియోలో ఆ ఇంజనుకి చాలదు. క్లచ్ పూర్తిగా పట్టుకోక జారుతూనే ఉంటుంది. మా క్లచ్ ఒక్క సాయంత్రానికే వేడికి నీలం రంగు తేలి, లైనింగ్ మాడిపోయింది.

వెళ్ళి అడిగితే ఆయన వాదన: "బైకులకి ముందు 15, వెనక 42 పళ్ళే కదా, 2.8. అవి పరిగెత్తట్లేదా?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ బైకులో చైన్ దాకా వచ్చేలోపే క్లచ్ దగ్గర ఒకసారి, గేర్‌బాక్స్‌లో మరోసారి వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. మన కార్ట్‌కి ఉన్నది ఆ ఒక్క చైనే. ఇది అంతమంది మెకానిక్‌ల మధ్య కూర్చున్న మనిషికి తెలియదంటే నేను నమ్మను.

తర్వాత ఇంకో క్లచ్‌కి మళ్ళీ డబ్బు తీసుకుని, బైకు వెనక స్ప్రాకెట్, 428 చైన్ ఇచ్చాడు. క్లచ్ పళ్ళేమో 420 చైన్‌వి (ఈ నంబర్లు చైన్ సైజులు). రెండింటి పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) 12.7 మిల్లీమీటర్లే కాబట్టి చేత్తో తిప్పితే చక్కగా కూర్చుంటుంది. లోపలి వెడల్పులో ఉంది తేడా: 420కి 6.35, 428కి సుమారు 7.9. చైన్ పక్కలకి ఊగి ఊగి ఊడిపోయింది. చైన్ గార్డు ఉంది కాబట్టి సరిపోయింది.

ఇలాంటి బండికి 10కి 50 పళ్ళు, అంటే 5 రేషియో, దగ్గర మొదలుపెట్టండి. గంటకు 38 కిలోమీటర్లు వస్తుంది, క్లచ్ బతుకుతుంది. పికప్ కోసం 60 పళ్ళది వేద్దామంటే 420లో అది అడ్డంగా 24 సెంటీమీటర్లు దాటుతుంది, చైన్‌తో కలిపి నేలకి ఒకటిన్నర సెంటీమీటరు కూడా మిగలదు. చిన్న రాయి చాలు.

బిల్లు మీద ‘సెట్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ముందు పళ్ళెన్ని, వెనక పళ్ళెన్ని, చైన్ నంబరెంత అన్నది రాయించుకోండి. మా బిల్లులో ‘సెట్ 1’ అని మాత్రమే ఉంది, దాన్ని చూపించే రిటర్న్ లేదన్నాడు. గుంటూరులోగానీ ఇక్కడగానీ 420కి 50 పళ్ళ స్ప్రాకెట్ నిజాయితీగా అమ్మేవాళ్ళు తెలిస్తే కింద రాయండి, బండి ఇంకా స్టాండ్ మీదే ఉంది.