ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ కోర్సు: చదివాక, థియేటర్‌లో ఏళ్లు గడిచాక

మా శ్రీకాకుళం వైపు ఇంటర్ బైపీసీ పాసైన పిల్లలు నర్సింగ్, ల్యాబ్ తర్వాత ఎక్కువగా అడిగేది ఓటీ కోర్సు గురించే. రెండేళ్ల డిప్లొమా చేసి, అప్పట్నుంచి ఈ జిల్లా థియేటర్లలోనే పనిచేస్తున్నాను కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది. ‘అక్కా, చేరొచ్చా?’ అంటే ఒక్క మాటలో తేల్చలేను. మత్తు వైపు పని ఈ కోర్సు బాగానే నేర్పుతుంది. టేబుల్ దగ్గర పని, అంటే స్క్రబ్ అయి (చేతులు బాగా కడుక్కుని స్టెరైల్ గౌను, గ్లౌజులు వేసుకుని) సర్జన్‌కి సామాను అందించే పని, పైపైన చెప్పి వదిలేస్తుంది. అది రావాలంటే మీరు ట్రైనింగ్ తీసుకునే ఆస్పత్రిలో రోజూ కేసులు పడాలి.

బయట అందరం ఓటీ కోర్సు అంటాం గానీ, పారామెడికల్ బోర్డు కింద నేను చేసిన డిప్లొమా పేరు అనస్థీషియా టెక్నీషియన్. సిలబస్ కూడా అటే మొగ్గుతుంది. అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్ట్ అంటే ముఖ్యంగా టేబుల్ దగ్గర నిలబడే మనిషి. మత్తు వైపు వేరే టెక్నీషియన్లు ఉంటారు. మన దగ్గర స్క్రబ్ పని పెద్దాస్పత్రుల్లో స్టాఫ్ నర్సులది. చిన్న నర్సింగ్ హోముల్లో అలా కాదు. ఉన్న ఒక్క టెక్నీషియనే మత్తు డాక్టరుకి సాయం చేయాలి, అవసరమైతే స్క్రబ్ కావాలి, కేసు అయ్యాక సామాను కడిగి ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే మిషన్) పెట్టాలి. ఆ సంగతి కాలేజీలో చేరేటప్పుడు ఎవరూ చెప్పరు.

క్లాసుల గురించి పెద్దగా రాయడానికేం లేదు. అనాటమీ, ఫిజియాలజీ, మందులు, మిషన్లు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి మూడు నాలుగు నెలలు ఇంగ్లిష్ నోట్సుతో తలనొప్పి, తర్వాత అలవాటైపోతుంది. పరీక్షలకి భయపడాల్సిన పని లేదు.

మత్తు వైపు పనికి మాత్రం మంచి మార్కులు వేస్తాను. పొద్దున్నే మొదటి కేసుకి ముందు మత్తు ఇచ్చే బాయిల్స్ మిషన్ చెక్ చేయడం, ఆక్సిజన్ సిలిండర్‌లో ప్రెషర్ చూడడం, సర్క్యూట్‌లో లీకు ఉందేమో చూడడం, గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, సక్షన్ లాగుతోందా, ఇవన్నీ చేతికి అలవాటయ్యేదాకా చేయించారు. పేషెంట్‌కి శ్వాసనాళంలో పెట్టడానికి ఏడున్నర సైజు ట్యూబు అనుకుంటే దానికంటే ఒక సైజు తక్కువదీ ఒకటి ఎక్కువదీ పక్కనే ఉండాలి. ‘అవసరం వచ్చాక వెతికేది మనకి లేనట్టే లెక్క’ అనేవారు మాకు నేర్పిన మత్తు డాక్టరు గారు. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు సూది) ఇచ్చేటప్పుడు పేషెంట్‌ని పట్టుకుని కూర్చోబెట్టడం కూడా టెక్నీషియన్ పనే. నడుం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, కదలకుండా ఉంచాలి. పుస్తకంలో అది ఒక్క లైను. మా పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లకి అప్పుడే భయమంతా ముంచుకొస్తుంది. ‘బావూ, తెలివితోటే ఉంటానేటి?’ అని అడుగుతారు. (మగా ఆడా తేడా లేదు, ఇక్కడ అందరం బావులమే.) ‘ఉంటావమ్మా, నడుం కింద తెలీదు గానీ పైన అంతా తెలుస్తాది’ అని వాళ్ల మాటలోనే చెప్తే ఒళ్లు కాస్త వదులు చేస్తారు, సూది కూడా సాఫీగా దిగుతుంది. మన ప్రాంతం పిల్లలు ఇక్కడే చదివితే కలిసొచ్చేది ఇదే. వేరే ఊళ్ల నుంచి వచ్చిన టెక్నీషియన్లకి ఈ మాట పట్టుబడడానికి కొంత కాలం పడుతుంది.

ఇక టేబుల్ వైపు. కాలేజీలో ఇన్‌స్ట్రుమెంట్ల బొమ్మలు గీయించారు, పేర్లు బట్టీ పట్టించారు. ఆర్టరీ, ఆలిస్, బాబ్‌కాక్, నీడిల్ హోల్డర్. పేరు తెలియడం వేరు, సర్జన్ తలెత్తకుండా చెయ్యి చాపితే సరైన సామాను, సరైన వైపు తిప్పి, అరచేతిలో పెట్టడం వేరు. సిజేరియన్‌లో నిమిషాల్లో బిడ్డ బయటికి వచ్చేస్తుంది. కోత దగ్గర అడ్డు లేకుండా పట్టి ఉంచే డోయెన్స్ రిట్రాక్టర్ తీసేలోపే సక్షన్ అడుగుతారు, వెంటనే గర్భసంచి అంచులు పట్టుకోవడానికి గ్రీన్ ఆర్మిటేజ్‌లు అడుగుతారు. బొమ్మ గుర్తుతెచ్చుకునే టైమ్ ఉండదు. ఇదంతా నాకు నేర్పింది ఒక సీనియర్ స్టాఫ్ నర్సు. ఆవిడ చెప్పాకే దారాల నంబర్లు కూడా బుర్రకెక్కాయి: ఒకటో నంబరు లావు, రెండు సున్నా దానికంటే సన్నం, ఆరు సున్నా అయితే కంటికి సరిగా ఆనదు.

ఆ ఆరు సున్నా ప్రోలీన్ దారం మన జిల్లాలో చాలా చూస్తాం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలియనివాళ్లు లేరు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 చివర్లో తెరిచారు. డయాలసిస్ రెగ్యులర్‌గా సాగాలంటే చేతిలో ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా వేయాలి. గంటల తరబడి సన్నని దారం, రక్తనాళాన్ని పట్టి ఉంచే చిన్న బుల్‌డాగ్ క్లాంపులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన సెలైన్. సామాను ఒక్కటి తేడాగా ఇచ్చినా కుట్టు పాడవుతుంది. నా కోర్సులో ఫిస్టులా గురించి ఒక్క క్లాసు కూడా లేదు. మన జిల్లాలో ఓటీ టెక్నీషియన్‌ని తయారుచేస్తూ దీన్ని వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కౌంట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కడుపు తెరిచే ముందు మాపులు (రక్తం అద్దే పెద్ద గుడ్డలు), గాజ్ ముక్కలు, సూదులు లెక్కపెట్టాలి, కడుపు మూసే ముందు మళ్లీ, చర్మం కుట్టే ముందు ఇంకోసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టులో కూడా ఇది ఉంది. కాలేజీలో చెక్‌లిస్ట్ పరీక్షకొచ్చే ప్రశ్న. థియేటర్‌లో అర్ధరాత్రి మూడో కేసు దగ్గర, సర్జన్ తొందరపడుతుంటే, ‘సార్, ఒక మాపు తక్కువొచ్చింది, ఆగండి’ అని గట్టిగా అనగలగడం. ఈ గట్టితనం మాకు ఎవరూ నేర్పలేదు. కొత్తగా చేరిన పిల్లలు గొంతు పెగలక ఆగిపోవడం ఇప్పటికీ చూస్తుంటాను.

ఆటోక్లేవ్ సంగతీ అంతే. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, ఇన్ని నిమిషాలు అని అప్పజెప్తారు. డ్రమ్ములో గౌన్లు కుక్కేస్తే లోపలికి ఆవిరి వెళ్లదని, పైన అంటించిన టేపు మీద నల్ల చారలు వచ్చినంత మాత్రాన లోపలిదంతా స్టెరైల్ అయినట్టు కాదని పనిలో పడ్డాకే ఒంటబట్టింది. టేపు చెప్పేది ఆ మూట వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే. లోపలిదాకా ఆవిరి చేరిందో లేదో చూపే ఇండికేటర్ మూట లోపల వేరే పెట్టాలి.

ఒక విషయంలో మా కాలేజీ మీద కోపం పోలేదు. హెపటైటిస్ బి టీకా వేయించకుండానే పోస్టింగ్‌కి (ఆస్పత్రిలో ట్రైనింగ్‌కి) పంపారు. మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, కాబట్టి చేరిన వారంలోనే మీ అంతట మీరు మొదలుపెట్టేయండి. సూది గుచ్చుకుంటే దాచుకోవద్దు. హెచ్‌ఐవీకి ముందుజాగ్రత్త మందులు వీలైతే రెండు గంటల్లోపే, ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎముకల కేసుల్లో సీ ఆర్మ్ (థియేటర్‌లోనే వాడే ఎక్స్‌రే మిషన్) తెస్తే, ఎక్స్‌రే కిరణాలు తగలకుండా ఆపే లెడ్ ఆప్రాన్ అడిగి వేసుకోండి, బరువుగా ఉందని పక్కన పడేయకండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి. థియేటర్ దగ్గర పనిచేసే ఎవరినైనా పట్టుకుని రోజుకి ఎన్ని మేజర్ కేసులు పడతాయో, ఏయే విభాగాలు నడుస్తున్నాయో, స్టూడెంట్లని స్క్రబ్ కానిస్తారో, గోడకి ఆనించి నిలబెడతారో అడగండి. రిమ్స్ అని ఇప్పటికీ పిలుచుకునే శ్రీకాకుళం ప్రభుత్వాస్పత్రి, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ఇవన్నీ మెడికల్ కాలేజీ ఆస్పత్రులు కాబట్టి అన్ని విభాగాల కేసులూ వస్తాయి. కాలేజీ ఒకచోట, పోస్టింగ్ ఎక్కడో పది పడకల నర్సింగ్ హోములో అని చెప్తే మాత్రం వెనక్కి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు ఫీజు రసీదు, ఒరిజినల్స్ తీసుకున్నట్టు కాగితం అడగడం మర్చిపోవద్దు.

నైట్ డ్యూటీలు తప్పవు. ఆడపిల్లలకి ఇబ్బంది డ్యూటీ కాదు, ఇంటికి రావడం. ఎమర్జెన్సీ అయ్యేసరికి బస్సులు ఉండవు. హాస్టల్ గానీ ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో గది గానీ చూసుకున్నాకే చేరండి. కాళ్ల నొప్పులు, సాయంత్రానికి పిక్కలు లాగడం ఇందులో మామూలే.

జీతం మొదట్లో తక్కువ. ప్రైవేటులో ఒకట్రెండేళ్లు చేసి చెయ్యి తిరిగాక విశాఖ వెళ్లినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ప్రభుత్వంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నోటిఫికేషన్లే ఎక్కువ, వాటికి పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. పాసైన వెంటనే చేయించుకోండి, నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే టైమ్ సరిపోదు. స్థోమత ఉంటే డిప్లొమా కంటే బీఎస్సీ వైపు వెళ్లమంటాను. నాలుగేళ్లలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ ఏడాదంతా థియేటర్‌లోనే. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ (వైద్యానికి అనుబంధ వృత్తుల) చట్టం మా పనిని కూడా జాబితాలో చేర్చింది కాబట్టి ముందుముందు డిగ్రీకే విలువ ఎక్కువ ఉంటుందని నా అంచనా. మా మేనకోడలిని కూడా బీఎస్సీలోనే చేర్పించాం, టీకా మొదటి డోసు అడ్మిషన్ రోజే వేయించాం.