‘సంపూర్ణ భగవద్గీత’ అని అట్ట మీద ఉంటే సరిపోదు, లోపల శ్లోకాలు ఉన్నాయో లేదో చూసి కొనండి

భగవద్గీతను మూలంతో సహా చదవాలని పుస్తకం కోసం వెతుకుతున్న మిత్రులకు ఈ హెచ్చరిక. ‘సంపూర్ణ భగవద్గీత: మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం’ అని అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి, ఆన్‌లైన్‌లో 600 రూపాయలకు పైగా ధరకు అమ్ముతున్న ఒక పుస్తకాన్ని ఇటీవల తెప్పించుకున్నాను. గట్టి అట్ట, మంచి కాగితం, రంగుల బొమ్మలు అన్నీ ఉన్నాయి గాని, 700 శ్లోకాల గ్రంథంలో అధ్యాయానికి మూడో నాలుగో శ్లోకాలు మాత్రమే ఇచ్చి, తక్కినదంతా సంకలనకర్త తన సొంత మాటల్లో చెప్పుకుంటూ పోయారు. ఏ వాక్యం ఏ శ్లోకానికి తాత్పర్యమో పోల్చి చూసుకుందామంటే శ్లోక సంఖ్యలు కూడా వేయలేదు.

డబ్బు పోయిందన్న బాధ కన్నా నన్ను ఎక్కువగా కలచివేసింది మరొకటి. ఈ పుస్తకంలో అర్జునుడి ప్రశ్నలను దాదాపు పూర్తిగా తీసివేశారు. కర్మ కన్నా జ్ఞానమే గొప్పదని నీ అభిప్రాయమైతే నన్ను ఈ ఘోరమైన కర్మలోకి ఎందుకు దింపుతున్నావని మూడవ అధ్యాయం మొదట్లోనే అతడు నిలదీస్తాడు. మనస్సు చంచలమైనది, దానిని పట్టి నిలపడం గాలిని పట్టినంత కష్టమని ఆరవ అధ్యాయంలో మొరపెట్టుకుంటాడు. శ్రద్ధ ఉండి కూడా యోగం నుంచి జారిపోయినవాడి గతి ఏమిటని అక్కడే భయపడతాడు. ప్రతి అధ్యాయం చివర ‘శ్రీకృష్ణార్జున సంవాదే’ అని వచ్చే గ్రంథంలోంచి ఒకరి మాటలు తీసేస్తే మిగిలేది ఉపన్యాసమే. ‘విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు’, అంటే దీనినంతా పూర్తిగా విచారించి నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని, పద్దెనిమిదవ అధ్యాయం 63వ శ్లోకంలో కృష్ణుడే అర్జునుడికి స్వేచ్ఛనిస్తాడు. ఆ శ్లోకం కూడా ఇందులో లేదు. విచారించమని చెప్పిన గ్రంథం పేరుతో, విచారించడానికి ఏమీ మిగల్చని పుస్తకాన్ని అమ్మడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు.

‘కర్మణ్యేవాధికారస్తే’ అన్న ప్రసిద్ధ శ్లోకంలోనూ మొదటి రెండు పాదాలే ఇచ్చి వదిలేశారు. ‘మా తే సంగోఽస్త్వకర్మణి’ అన్న నాలుగవ పాదం, ఫలం మీద ఆశ వద్దన్నారు గదా అని పని మానుకోవద్దని స్పష్టంగా హెచ్చరిస్తుంది. అది లేకపోతే శ్లోకాన్ని ఉదాసీనతకు సమర్థనగా చదువుకునే ప్రమాదం ఉంది. పుస్తకం చివర మాత్రం క్యాలెండర్ల మీద, గోడపటాల మీద కనబడే ‘గీతాసారం’ వాక్యాలను, జరిగినదంతా మంచికే జరిగిందన్న వాటిని, కృష్ణుడి మాటలుగా ఒక పూర్తి పేజీలో అచ్చువేశారు. అవి గీతలోని ఏ శ్లోకానికీ అనువాదం కావు. మూలం పక్కన లేనప్పుడు పాఠకుడికి ఆ సంగతి తెలిసే దారి ఏది?

సంస్కృతం రాదు గనుక మూలంతో పనేమిటని కొందరు అంటారు. ప్రచురణకర్తల తరఫున ఫోనులో మాట్లాడిన వ్యక్తి నాతో అన్నదీ అదే. తెలుగువారి విషయంలో ఈ మాట నిలవదు. శ్లోకం తెలుగు లిపిలోనే ఉంటుంది, అందులోని కర్మ, ఫలం, బుద్ధి, సుఖం, దుఃఖం వంటి మాటలు మనం రోజూ వాడేవే, కాబట్టి ప్రతిపదార్థం తోడుంటే ఓపికగా చదివేవారు కొద్ది రోజుల్లోనే శ్లోకాన్ని, తాత్పర్యాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోగలుగుతారు. ఒకే శ్లోకానికి శంకరులు, రామానుజులు, మధ్వులు వేర్వేరుగా భాష్యం చెప్పారు; ఎవరు ఎక్కడ విడిపోయారో, ఎందుకు విడిపోయారో శ్లోకం ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది. వ్యాఖ్యానం అక్కర్లేదని నా ఉద్దేశం కాదు, అది మూలం స్థానాన్ని ఆక్రమించకూడదు.

కొనేముందు రెండవ అధ్యాయంలో 54 నుంచి 72 వరకు గల స్థితప్రజ్ఞ (బుద్ధి స్థిరపడినవాడి) లక్షణాల శ్లోకాల పేజీలను ఫోటో తీసి పంపమని అడగండి. 19 శ్లోకాలూ సంఖ్యలతో వరుసగా ఉండాలి. పదమూడవ అధ్యాయంలో కొన్ని ప్రతులలో 34, కొన్నింటిలో 35 శ్లోకాలు కనిపిస్తాయి. అది ఆ అధ్యాయం మొదట్లో అర్జునుడు అడిగే ప్రశ్నను లెక్కలోకి తీసుకోవడం, తీసుకోకపోవడం వల్ల వచ్చిన పాఠభేదమే గాని మోసం కాదు. గోరఖ్‌పూర్ గీతా ప్రెస్, రామకృష్ణ మఠం వారి తెలుగు ప్రతులు మూలంతో సహా తక్కువ ధరకే దొరుకుతున్నాయి.

తెరిచిన పుస్తకాన్ని వెనక్కి తీసుకోబోమని విక్రేత నాకు జవాబిచ్చారు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఇప్పటికే ఇలాంటి పుస్తకం కొన్నవారు అట్ట, లోపలి పేజీలు, అమ్మకపు ప్రకటన మూడింటి ఫోటోలు దాచుకుని, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి.