సోటో కోసం తీసుకున్న సీజన్ పాస్

2024 డిసెంబర్‌లో అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్, ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టుతోనూ ఒప్పందం లేకుండా) ఉన్న బ్యాటర్ హువాన్ సోటోకి 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇచ్చిందని తెలిశాక ఉండబట్టలేక ఈ బేస్‌బాల్ యాప్ సీజన్ పాస్ తీసుకున్నాను. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా డాబా మీద తెల్లారగట్ల నాలుగున్నరకి, ఇంట్లోవాళ్లు లేవకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసేవాణ్ణి. పిక్చర్ సూపర్, కానీ సరిగ్గా సోటో కాళ్లతో మట్టి రాస్తూ పిచర్ (బంతి విసిరేవాడు) కళ్లలోకి చూసే టైమ్‌కే స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఆగిపోయేది, ప్రాణం ఉసూరుమనేది. 2025లో సోటో 43 హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, 38 బేసులు స్టీల్ చేశాడు, అంటే పిచర్ ఏమరుపాటు చూసి తర్వాతి బేస్‌కి పరిగెత్తేశాడు, అయినా జట్టు 83 గెలుపులు, 79 ఓటములతో ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ పోటీలకి) వెళ్లలేదు. సోటోని తీసుకోవడం కరెక్టే, పిచింగ్ గట్టి చేసుకోకపోవడమే తప్పు. పాస్ మళ్లీ తీసుకుంటాను, ఆ ఆగిపోవడం ఒక్కటీ సరిచేయండి.