టాక్‌హెడ్ తొలి సింగిల్స్ 'అధికారిక రీఇష్యూ' అని అమ్ముతున్న సెట్టు నకిలీది, జాగ్రత్త

టాక్‌హెడ్ అనే సంగీత బృందం తొలినాళ్ల ట్వెల్వ్ ఇంచ్ సింగిల్స్ (12 అంగుళాల వినైల్ రికార్డులు) కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మూడు ప్లేట్ల సెట్టు, ధర 84 పౌండ్లు. "అసలు మాస్టర్ టేపుల నుంచి చేసిన అధికారిక రీఇష్యూ, కాపీలు తక్కువే ఉన్నాయి" అని ప్రకటన. రీఇష్యూ అంటే పాత రికార్డును మళ్లీ అచ్చు వేయడం, మాస్టర్ టేపంటే స్టూడియోలో చేసిన అసలు రికార్డింగు. యూరప్ నుంచి ఒక అమ్మకందారు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడికే తెప్పించుకున్నాను. వచ్చింది రీఇష్యూ కాదు. ఎవరిదో గీతలు పడ్డ పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ ఫైలునే మళ్లీ వినైల్ మీద కొట్టి పంపారు.

అమ్మకందారు పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం లేదు, ఒక పేరు మూసేసి ఇంకో పేరుతో తెరుస్తున్నాడు. సరుకును గుర్తుపట్టడం తెలిస్తే అతను ఏ పేరుతో వచ్చినా దొరికిపోతాడు. అందుకే ఆ వివరాలు కాస్త విడమరిచి చెప్తాను.

ముందు ఈ బృందం గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. డ్రమ్స్ కీత్ లెబ్లాంక్, బేస్ డగ్ వింబిష్, గిటార్ స్కిప్ మెక్‌డొనాల్డ్, మిక్సింగ్ డెస్క్ దగ్గర ఏడ్రియన్ షెర్వుడ్. మొదటి ముగ్గురూ అమెరికన్లు, షుగర్‌హిల్ రికార్డ్స్ ఆస్థాన వాద్యబృందంగా తొలితరం ర్యాప్ రికార్డులకు వాయించినవాళ్లు. 1983లో లెబ్లాంక్ అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ప్రసంగాల ముక్కలను డ్రమ్ మెషీన్ మీద కూర్చి 'నో సెల్ అవుట్' చేశాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో వీళ్లకు షెర్వుడ్ పరిచయమయ్యాడు. షెర్వుడ్‌ది లండన్‌లో ఆన్-యు సౌండ్ లేబుల్, జమైకా డబ్‌లో, అంటే రెగె పాటలను ఎకోతో, బేస్‌తో మళ్లీ మిక్స్ చేసే పద్ధతిలో, ఆరితేరిన చెయ్యి. నలుగురూ కలిసి లండన్‌లో పని మొదలుపెట్టారు. బ్రిటిష్ గాయకుడు మార్క్ స్టూవర్ట్ వెనక మాఫియా అనే పేరుతో వాయించింది కూడా ఈ ముగ్గురే.

1980ల మధ్యలో వచ్చిన ఆ సింగిల్స్, అంటే 'మైండ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద టెథర్', 'వాట్స్ మై మిషన్ నౌ?', 'హార్డ్ లెఫ్ట్' లాంటివి, ఇప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. డ్రమ్స్ ఇనుప రేకు మీద సమ్మెటతో కొట్టినట్టు పడతాయి, కింద బేస్ నేలను లాగుతూ ఉంటుంది, మధ్యలో ఎవరివో గొంతులు ముక్కలు ముక్కలుగా ఎకోలో తేలుతూ వచ్చి తెగిపోతాయి. 1989 నాటి 'ఫ్రెండ్లీ ఆజ్ ఎ హ్యాండ్ గ్రెనేడ్' ఆల్బం వచ్చేసరికి పాటలు, గాయకుడు, వరస అన్నీ కుదురుకున్నాయి. అది మంచి ఆల్బమే. కానీ నా లెక్కలో అసలు టాక్‌హెడ్ ఆ తొలి ట్వెల్వ్ ఇంచులే. వాటిని వినైల్ మీదే వినాలనుకోవడం ఫ్యాషన్ కోసం కాదు. ఒక వైపు ఒకటే పాట, 45 స్పీడు (నిమిషానికి 45 చుట్లు), వెడల్పాటి గాడులు. ఆ బేస్‌కు అంత చోటు కావాలి.

మరి సరైన రీఇష్యూ తేవడం ఎందుకంత కష్టమంటే, ఆ రోజుల్లో వీళ్ల రికార్డులు ఒక్క చోట నుంచి రాలేదు. కొన్ని ఆన్-యు సౌండ్ నుంచి, కొన్ని ఫ్యాట్స్ కామెట్ అనే ఇంకో పేరుతో, 1987 నాటి 'ద గేమ్' ఏమో ఐలాండ్ వాళ్ల ఫోర్త్ అండ్ బ్రాడ్‌వే లేబుల్ నుంచి వచ్చింది. హక్కులు అలా తలా ఒక చోట ఉంటే అన్నీ ఒక పెట్టెలోకి తేవడం చిన్న పని కాదు. దానికి తోడు శాంపిల్స్, అంటే వేరేచోట నుంచి తీసుకుని పాటలో కలిపిన శబ్దాల ముక్కలు. అప్పట్లో టీవీ నుంచీ రేడియో నుంచీ గొంతులు తీసుకుంటే అడిగేవాళ్లు లేరు. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ పాట మీద న్యూయార్క్ కోర్టు తీర్పు వచ్చాక ఎవరైనా అనుమతి లేని శాంపిల్ ముట్టుకోవాలంటే ఆలోచించాల్సి వచ్చింది. పాత సరుకును మళ్లీ అచ్చు వేసేవాళ్లకూ ఆ తలనొప్పి తప్పదు.

ఇంకోపక్క, ఆన్-యు సౌండ్ తన పాత సరుకును ఒక్కొక్కటిగా చక్కగా బయటికి తెస్తూనే ఉంది. 2020లో ఆఫ్రికన్ హెడ్ ఛార్జ్ బృందం సెట్టు, 2021లో న్యూ ఏజ్ స్టెప్పర్స్, 2024లో క్రియేషన్ రెబెల్. మార్క్ స్టూవర్ట్ 1983 ఆల్బమ్‌ను మ్యూట్ సంస్థ, దొరికిన పాత టేపులతో సహా, 2019లో మళ్లీ వేసింది. ఇవన్నీ కొన్నవాళ్లకు తరువాత టాక్‌హెడ్ వంతేనేమో అనిపించడం సహజం. ఆ ఆశ మీదే ఈ దొంగ సరుకు నడుస్తోంది. 2024 ఏప్రిల్‌లో కీత్ లెబ్లాంక్ చనిపోయారు. ఈ అమ్మకందారు ప్రకటనలో మొదటి వాక్యమే ఆయనకు నివాళి. ఆయన ఫోటో, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, దాని కింద "బృందం అనుమతితో" అన్న మాట. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది అక్కడే. చనిపోయిన మనిషి పేరు చెప్పి, ఆయన అభిమానుల దగ్గరే, ఆయన కుటుంబానికి పైసా వెళ్లని సరుకు అమ్మడం!

ఇక ప్లేట్ల సంగతి. స్లీవ్ చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గరగా చూస్తే చిన్న అక్షరాల అంచులు చెదిరిపోయి ఉన్నాయి, నల్ల రంగులో సన్నటి అలల్లాంటి గీతలు. అచ్చయిన బొమ్మను స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తే వచ్చే గీతలవి. కుడివైపు పై మూలలో బొటనవేలి గోరంత లేత చతురస్రం కనిపించింది. వేలితో రుద్దితే పోదు. ఎప్పుడో ఏ షాపువాడో అంటించిన ధర స్టిక్కర్ పీకేసిన మచ్చ అది. స్కాన్ చేసిన పాత స్లీవ్ మీద ఉన్న మచ్చ అచ్చులోకి కూడా వచ్చేసింది. మూడింటిలో రెండో ప్లేటు స్లీవ్ మీద ఇది ఉంటుంది, ప్రకటనలోని ఫోటోను పెద్దది చేస్తే అక్కడ కూడా కనిపిస్తుంది.

స్లీవ్ అయ్యాక ప్లేటు సంగతి. ఇది 33 స్పీడుది. ఒక్కో వైపు మూడు పాటలు ఇరికించారు. గాడులు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి సౌండు తగ్గింది, బేస్ ఎండిపోయింది. కావాలనుకుంటే దీన్ని నాసిరకం ప్రెస్సింగ్ అని సరిపెట్టుకోవచ్చు. కానీ మొదటి పాట మొదట్లోనే టిక్, టిక్ అని ఒక చప్పుడు వస్తోంది. ప్లేటును దీపం కింద వంచి చూశాను, ఆ చోట వెంట్రుకంత గీత కూడా లేదు. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య సమయం కొలిచి చూశాను. 33 స్పీడు ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకండ్లు పడుతుంది. నా ప్లేటు మీదే గీత ఉంటే ఆ చప్పుడు 1.8 సెకండ్లకోసారి రావాలి. వస్తున్నది 1.33 సెకండ్లకోసారి. అది 45 స్పీడు ప్లేటు ఒక చుట్టు తిరిగే సమయం. అంటే ఆ గీత నా ప్లేటుది కాదు, ఎవరి దగ్గరో ఉన్న 1980ల నాటి అసలు సింగిల్‌ది. దాని పాట, దాని గీత రెండూ కలిపి నాకు అమ్మారు. మాస్టర్ టేపు మీద సూది గీత చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

మూడో ప్లేటు ఇంకా ఘోరం. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి స్పెక్ట్రమ్ (ఏ శ్రుతిలో ఎంత శబ్దం ఉందో చూపే పటం) చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర పాట కత్తితో కోసినట్టు ఆగిపోయింది, ఆ పైన ప్లేటు రొద తప్ప ఏమీ లేదు. తక్కువ రకం ఎంపీత్రీ ఫైలు గుణం అది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఈ వివరాలన్నీ ఫోటోలతో, సౌండ్ ఫైలుతో సహా అమ్మకందారుకు పంపాను. మొదట "మీ సూది పాడైపోయి ఉంటుంది" అన్నాడు. తరువాత "సీలు తెరిచిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. ఏ సంస్థ అనుమతి ఇచ్చిందో ఒక్క కాగితం చూపించమంటే జవాబు ఆగిపోయింది. నేను కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ, పెట్టాను, డబ్బు తిరిగి వచ్చింది. హైదరాబాద్‌లో ఉండే ఒక తమ్ముడు అంత అదృష్టవంతుడు కాదు. అతనికి ఈ అమ్మకందారు "సైటు బయట నేరుగా బ్యాంకుకు పంపితే ధర తగ్గిస్తా" అని చెప్పాడు. పంపాడు. పైగా కస్టమ్స్ సుంకం వేరే కట్టాడు. ప్లేట్లు చేతికొచ్చాక నాకు ఫోటోలు పంపి "అన్నా, ఇవి ఒరిజినలేనా?" అని అడిగాడు. అదే స్టిక్కర్ మచ్చ. బ్యాంకుకు నేరుగా వెళ్లిన డబ్బు ఇంతవరకూ రాలేదు.

అందుకే డబ్బు కట్టే దారి విషయంలో మొహమాటపడకండి. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు, ఒక వస్తువు 100 పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డు మీద సెక్షన్ 75 రక్షణ (కార్డు సంస్థనే డబ్బు తిరిగి అడిగే చట్టపు హక్కు) ఉంటుంది, అంతకు తక్కువైతే ఛార్జ్‌బ్యాక్ అడగాలి. పేపాల్‌లో వస్తువు కొన్నట్టుగా కడితే 180 రోజుల లోపల ఫిర్యాదు పెట్టొచ్చు. 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' అని పంపితే ఏ రక్షణా లేదు, అలా పంపమన్నాడంటేనే అతని సంగతి అర్థం చేసుకోండి. మన దేశంలో కార్డుతో కట్టి మోసపోయినవాళ్లు ముందు కార్డు ఇచ్చిన బ్యాంకులోనే డిస్ప్యూట్ పెట్టండి, ఆలస్యం చేయకండి. ఆన్‌లైన్ మోసం అని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి.

కొనేముందు అడగాల్సింది ఒక్క ఫోటో. పాట అయిపోయాక లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య ఖాళీగా మెరిసే చోటు, రనౌట్ అంటాం కదా, దాని ఫోటో. అసలు ప్లేట్ల మీద అక్కడ మ్యాట్రిక్స్ నంబరు (ప్లేటును గుర్తించే నంబరు) గీసి ఉంటుంది, ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో గాడులు కోసిన చాలా ప్లేట్ల మీద కట్ చేసిన ఇంజినీరు పేరో పొడి అక్షరాలో చేత్తో గీసినవి కూడా ఉంటాయి. నా నకిలీ ప్లేటు మీద ఉన్నది మెషీన్ కొట్టిన ఒక ఫ్యాక్టరీ నంబరు మాత్రమే. రికార్డుల వివరాలూ అమ్మకాలూ ఉండే డిస్‌కాగ్స్ సైటులో ఆ సింగిల్ పేజీ తెరిచి రనౌట్ వివరాలు పోల్చుకోండి. అక్కడ 'అనఫీషియల్' అని గుర్తు పెట్టినవాటిని అమ్మనివ్వరు, కాబట్టి ఇలాంటివాళ్లు అసలు ప్రెస్సింగ్ పేజీ కిందే నకిలీని పెట్టి అమ్మే ప్రమాదం ఉంది. ఫోటో పంపనంటే వదిలేయండి. "స్టాకు అయిపోతోంది, ఈ రాత్రికే కట్టండి" అన్నా వదిలేయండి.

నిజమైన రీఇష్యూ వస్తే చాటుగా రాదు. ఆన్-యు సౌండ్‌కు బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే సైటులో పేజీ ఉంది, లేబుల్ ముందుగానే ప్రకటిస్తుంది, ఇంగ్లండ్‌లోని మామూలు రికార్డు షాపులన్నిటిలో ప్రీఆర్డర్ కనిపిస్తుంది, ఎవరు మాస్టరింగ్ చేశారో పేరుతో సహా రాస్తారు. ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క అమ్మకందారు దగ్గర దొరికే అధికారిక రీఇష్యూ అంటే నమ్మకండి. అంతవరకూ ఆగలేమంటే, వాడిన అసలు సింగిల్స్ కొనుక్కోండి. కాస్త చప్పుడు చేసినా 45 స్పీడు మీద ఆ బేస్ అలాగే ఉంటుంది. నా దగ్గరున్న 'హార్డ్ లెఫ్ట్' స్లీవ్ చిరిగిపోయి ఉంది, అయినా ఈ 84 పౌండ్ల సెట్టు దాని కాలిగోటికి చాలదు.

ఇప్పటికే ఈ సెట్టు కొన్నవాళ్లు ప్యాకింగ్, బిల్లు, అతనితో జరిగిన మాటలు అన్నీ దాచిపెట్టండి. స్లీవ్ మూలలో ఆ మచ్చ ఉందేమో చూడండి. కోపంతో ప్లేట్లు విరగ్గొట్టకండి, ఫిర్యాదుకు అవే సాక్ష్యం. వేరేవాళ్లకు అమ్మకండి కూడా. రనౌట్, స్లీవ్ ఫోటోలు నాకు పంపితే నా దగ్గరున్న అసలువాటితో పోల్చి చెప్తాను.