‘బాగ్‌బాన్’ డీవీడీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త, కోసేసిన సినిమా అంటగడుతున్నారు

అమితాబ్, హేమమాలిని నటించిన 2003 నాటి హిందీ సినిమా ‘బాగ్‌బాన్’ డీవీడీ ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొనాలనుకుంటే ముందు ఇది చదవండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ‘ఒరిజినల్, ఫుల్ మూవీ, తెలుగు సబ్‌టైటిల్స్‌తో’ అని పెడితే 499 రూపాయలకు అమ్మానాన్నల కోసం తెప్పించాం. అసలు సినిమా మూడు గంటలు. మాకొచ్చిన డిస్క్‌లో రెండు గంటలు కూడా లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి దేవుడెరుగు, ఇంగ్లిష్‌వి కూడా లేవు.

పాటలు తీసేసి ఉంటారులే, కథ ఉంటే చాలు అనుకోకండి. ఏం కోశారో చూస్తే కడుపు మండిపోయింది. హోలీ పాట లేదు, భార్యాభర్తలు చెరో ఊళ్లో ఉండి ఫోన్‌లో మాట్లాడుకునే పాట లేదు. అవి పోతే పోయాయి, బూట్లు పాలిష్ చేసుకునే అనాథ పిల్లాడిని తండ్రి పాత్ర వేసిన అమితాబ్ చదివించి పెద్దవాణ్ని చేసిన సంగతి తెలిసే భాగమే ఎత్తేశారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక సల్మాన్ ఖాన్. దాంతో అతను ఉన్నట్టుండి ఎక్కణ్నుంచో వచ్చి ఆ ముసలాయన్ని దేవుడిలా చూసుకుంటుంటే ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కొడుకుల స్వార్థం మాత్రం మొత్తం ఉంది. ఒకళ్లు అమ్మను, ఒకళ్లు నాన్నను పంచుకోవడం, రాత్రిపూట నాన్న టైప్‌రైటర్ చప్పుడుకి నిద్ర పాడవుతోందని విసుక్కోవడం, అన్నీ ఉన్నాయి. ఇచ్చిన మనిషి మంచితనం తీసేసి లాక్కున్నవాళ్ల అత్యాశ ఒక్కటే చూపిస్తే అది ఆ సినిమా ఎలా అవుతుంది? చివర్లో అమితాబ్ సభలో మాట్లాడేది కూడా మధ్యలో ఆగిపోయింది.

ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన ‘బడి పంతులు’ (1972) మా నాన్నగారికి చాలా ఇష్టం. ఇదీ అలాంటి కథేనని ఎవరో చెబితే అడిగి మరీ తెప్పించుకున్నారు. ఆ ముక్కలు ముక్కల సినిమా చూడలేక లేచి వెళ్లిపోయారు. నాకు డబ్బు పోయినదానికంటే ఆ బాధ ఎక్కువ. ఇందులో సినిమా తీసినవాళ్ల తప్పేమీ లేదు, అమ్మినవాళ్లదే.

మీరు కొనేముందు నిడివి ఎంతో అమ్మకందారును మెసేజ్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు, రాతలో ఉండాలి. 180 నిమిషాలకు అటూఇటూగా చెప్పకపోతే వదిలేయండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. అట్ట మీద సెన్సార్ సర్టిఫికెట్ కాపీ, డిస్క్ తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్, హక్కులు ఎవరివో ఆ వివరాలు ఉండాలి, కాపీరైట్ చట్టం సెక్షన్ 52ఎ అదే చెబుతుంది. మాకొచ్చిన దాని మీద కలర్ జిరాక్స్ లాంటి బొమ్మ తప్ప ఇవేవీ లేవు. డిస్క్ వెనక్కి తిప్పి కూడా చూడండి. కంపెనీలో అచ్చయినవి వెండి రంగులో మెరుస్తాయి, మాది ఊదా రంగులో ఉంది, అంటే ఎవరో కంప్యూటర్‌లో రైట్ చేసిందన్నమాట.

రిటర్న్ అడిగితే ‘సీల్ తీశారు కాబట్టి కుదరదు’ అన్నారు. సీల్ తీయకుండా లోపల ఎంత సినిమా ఉందో ఎలా తెలుస్తుందండీ? ఇలా అంటే ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు దగ్గర ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చేయకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేం చేశాం, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు.

ఈలోగా అదే అట్ట ఫొటోతో, వేరే షాపు పేరుతో, 399కి మళ్లీ అమ్మకానికి పెట్టారు. ధర తగ్గిందని మాత్రం కొనకండి.