పాత డీజిల్ కారు పుల్లీ అరుపుకు మెకానిక్ స్టెతస్కోప్: కొనొచ్చా?

కర్నూలైనా అనంతపురమైనా, పాత డీజిల్ కారు బోనెట్ కింద అరుపు మొదలైతే ముందు మారేది బెల్టే. రెండు రోజులు పోయాక మళ్లీ అదే అరుపు. అప్పుడు డైనమో విప్పుతారు. అసలు దోషి చాలాసార్లు ఐడ్లర్ పుల్లీ (దేన్నీ తిప్పకుండా బెల్టుకు దారి చూపే ఉత్త చక్రం) లోపల కూర్చున్న చిన్న బేరింగు. దాన్ని విప్పకుండానే పట్టుకోవడానికి, ఐదొందల లోపు దొరికే మామూలు మెకానిక్ స్టెతస్కోప్ బాగా పనికొస్తుంది. ఐదుకు నాలుగు మార్కులు.

చూడ్డానికి డాక్టరు మెడలో ఉండేదే. ఛాతీ మీద ఆనించే బిళ్ల బదులు చిన్న లోహపు డబ్బీ, దానికి మరతో బిగించే సన్నని ఉక్కు కడ్డీ ఉంటాయి. కడ్డీ కొస తగిలిన చోటి అదురు డబ్బీలోని పల్చటి రేకు మీదుగా చెవికి చేరుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వినే పాత పద్ధతీ ఇదే సూత్రం, కానీ దానికి తల బెల్టు దాకా వంచాలి. ఈ పరికరం కొనడానికి ఆ ఒక్క కారణం చాలు.

దీన్ని బయటికి తీసేముందు నీళ్ల పరీక్ష చేయాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా బెల్టు రిబ్బుల (గాడుల) వైపు స్ప్రే సీసాతో కాసిని నీళ్లు కొట్టండి, డైనమో మీద పడకుండా. కిచకిచ ఆగి, తడి ఆరగానే తిరిగి వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. నీళ్లు తగలగానే కీచు ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, దాని టెన్షన్ (బిగువు) చాలడం లేదు. నీళ్లకు ఏమీ మారని గరగర అయితే అది బేరింగు. స్టెతస్కోప్ అవసరం ఈ మూడో రకానికే. సబ్బు రాయడం, బెల్ట్ స్ప్రే కొట్టడం మాత్రం వద్దు. అరుపు నాలుగు రోజులు దాక్కుంటుంది, ఆ జిగటకు దుమ్ము పట్టి బెల్టు పాడవుతుంది.

కడ్డీని తిరిగే పుల్లీకి ఎప్పుడూ ఆనించకూడదు. ఐడ్లర్ మధ్యలోని బోల్టు తల తిరగదు, కొస అక్కడ పెట్టాలి. దుమ్ము మూత ఉంటే ఇంజిన్ ఆపి ముందే తీసేయండి. మంచి బేరింగు నుంచి సన్నగా, ఒకే తీరుగా హోరు వస్తుంది. పోయిన బేరింగు ఇసుక నములుతున్నట్టు వినిపిస్తుంది, ఎక్సలరేటర్ కొంచెం నొక్కితే ఆ నమలడం వేగం పుంజుకుంటుంది. తర్వాత బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బోల్టు, డైనమో ముందు బాడీ, ఏసీ కంప్రెసర్ ముందు భాగం, బయటి బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు, ఇలా వరసగా వినాలి. ఏసీ వేసినప్పుడే శబ్దం వస్తే కంప్రెసర్‌ను, ఏసీ ఆపినా అక్కడే గరగరలాడితే దాని పుల్లీ బేరింగును అనుమానించాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయగానే పెరిగితే డైనమో వైపు చూడండి.

తగ్గించిన ఒక మార్కు ఇక్కడే. ఒకే బ్రాకెట్ మీద రెండు పుల్లీలుంటే ఒకదాని గరగర రెండోదాంట్లోనూ వినిపించి కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కడ ఎక్కువగా ఉందో రెండు మూడుసార్లు పోల్చి వినాల్సిందే. పైగా రబ్బరు గొట్టం వేలాడి బెల్టుకు దగ్గరవుతుంది. ఒక చేత్తో గొట్టం పట్టుకోండి, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా ఉండకూడదు.

కాబట్టి విన్నది నిర్ధారించుకోవాలి. బెల్టు దారిని ఫోన్‌తో ఫొటో తీసి, ఇంజిన్ ఆపి, టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయండి. బెల్టు లేకుండా ఇరవై ముప్పై సెకన్లు స్టార్ట్ చేస్తే బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఫర్వాలేదు. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగేదైతే అంతకు మించి నడపొద్దు. అరుపు పోయిందంటే శబ్దం బెల్టు తిప్పే వాటిలోనే ఉంది. ఇంజిన్ ఆపి ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. మంచి పుల్లీ గ్రీజు బరువుకు కాస్త తిరిగి ఆగుతుంది. బొంగరంలా చాలాసేపు తిరిగేది బాగున్నట్టు కాదు, గ్రీజు ఎండిపోయినట్టు. అటూ ఇటూ ఊపితే కదిలినా మార్చాల్సిందే.

మన వైపు ఈ బేరింగులు త్వరగా పోవడానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండల పాలిషింగ్ దుమ్ము ఒకటి, ఎండకు తోడు ఇంజిన్ వేడి ఇంకొకటి. అన్నిటికన్నా చెడ్డది వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్‌ను నేరుగా పుల్లీల మీదికి పెట్టడం. నీళ్లు సీలు దాటి లోపలికి పోతే గ్రీజు పాడవుతుంది, ఆ తర్వాత తుప్పు, దాని వెనకే గరగర. ఇంజిన్ కడిగించినా ఆ పక్కకు గన్ పోనివ్వకండి.

పుల్లీ మొత్తం మార్చాలా, బేరింగు ఒక్కటే చాలా? పుల్లీ గాడులు అరగకుండా, బేరింగు కూర్చునే చోటు వదులు కాకుండా ఉంటే బేరింగు చాలు. నంబరు దాని సీలు మీదో అంచు మీదో ఉంటుంది. చాలా ఐడ్లర్లలో 6203 కనిపిస్తుంది: లోపలి వ్యాసం 17, బయటిది 40, మందం 12 మిల్లీమీటర్లు. రేకు మూతల జెడ్‌జెడ్ కాకుండా రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ అడగండి, మన దుమ్ముకు అదే నిలుస్తుంది. ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. లోపలి రింగు మీద సుత్తి పడితే గోళీల దారిలో గుంటలు పడి కొత్త బేరింగే అరుస్తుంది.

ఇంజిన్ ఆపే క్షణంలో టకటక వినిపించి, ఐడిల్‌లో టెన్షనర్ చేయి బాగా ఊగుతుంటే స్టెతస్కోప్‌తో పనిలేదు. ఫ్రీవీల్ పుల్లీ (ఒక వైపే పట్టే పుల్లీ) ఉన్న డైనమో అయితే అనుమానం ఆ పుల్లీ మీదే. బెల్టు తీసి, డైనమో ఫ్యాన్ కదలకుండా పట్టుకుని పుల్లీని రెండు వైపులా తిప్పండి. ఒక వైపు పట్టాలి, ఇంకో వైపు జారాలి. రెండు వైపులా పట్టినా, రెండు వైపులా జారినా ఆ పుల్లీ పోయినట్టే, డైనమో మాత్రం బాగానే ఉండొచ్చు.